పాలకు వెన్న కొలత ఉంది, రోగి భారానికి కొలత ఏది?

పాలకేంద్రంలో పాలు పోసే రైతుకు ఈ సంగతి కొత్త కాదు. అక్కడ లీటర్లు ఒక్కటే చూసి డబ్బు కట్టరు, వెన్న శాతం కూడా చూస్తారు. ఇద్దరు చెరి అయిదు లీటర్లు పోసినా ఇద్దరికీ ఒకే డబ్బు రావాలని లేదు. ఈపాటి ఇంగితం సర్కారు దవాఖానా లెక్కల్లో కనిపించకపోవడం విచారకరం. ఎందరు వచ్చారన్నది ఓపీ రిజిస్టరు చెబుతుంది. ఎంత భారం మోసుకుని వచ్చారన్నది చెప్పదు.

బొల్లారం పక్కనున్న కౌకూర్ వంటి ఊరినే తీసుకోవచ్చు. చుట్టూ మిలిటరీ స్థలాలు, ఏటేటా లేస్తున్న కాలనీలు, మధ్యలో పాత ఊరు. అలాంటి చోట దవాఖానా క్యూలో నిలబడిన ఇద్దరిని ఊహించండి. ఒకడు ఇరవై ఏళ్ళ కుర్రాడు, జలుబు చేసింది. రెండు రోజుల గోలీలు చాలు. అతని వెనుక అరవై రెండేళ్ళ అవ్వ. షుగరు ఉంది, బీపీ ఉంది, మోకాళ్ళు పట్టేశాయి, చూపు మందగించింది. కొడుకు పనికోసం వేరే ఊరు పోయాడు. గోలీల పొట్లం మీద రాసింది చదవలేదు కనుక రంగు చూసి మింగుతుంది. కంపెనీ మారి గోలీ రంగు మారిందంటే ఆ నెల షుగరు గోలీ రెండు పూటలకు బదులు ఒక పూటే పడినా ఆశ్చర్యం లేదు. రిజిస్టరులో మాత్రం ఇద్దరివీ చెరొక వరుస. సాయంత్రం కూడితే రెండు ఓపీలు!

ఇది ఏ ఒక్క దవాఖానా తప్పూ కాదు, డాక్టర్ల తప్పు అంతకన్నా కాదు. కొలబద్దే అలా ఉంది. మైదాన ప్రాంతాల్లో 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5 వేలకు ఒక ఉపకేంద్రం అన్నది దేశమంతటికీ ఉన్న లెక్క. 2012 నాటి జాతీయ ప్రమాణాల్లో ఒక్కో డాక్టరు రోజుకు కనీసం 40 మంది ఓపీ చూడాలని రాశారు. నలభై అంటే ఎలాంటి నలభై? నలభై జలుబులా, నలభై మంది అవ్వలా? ఆ ప్రశ్నకు అందులో జాబు లేదు. తలలు లెక్కబెట్టే చోట జలుబు కుర్రాడు లాభం, అవ్వ నష్టం. ఆమెతో పావుగంట కూర్చున్న డాక్టరు లెక్కల్లో మందకొడి మనిషిగా తేలుతారు. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలన ప్రకారం ప్రాథమిక వైద్యంలో రోగికి దక్కే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాలకు పైన. మనదేశంలో అది రెండు నిమిషాలకు అటూ ఇటూ. రెండు నిమిషాల్లో అవ్వ తన గోలీల సంచి ముడి కూడా విప్పలేదు.

కొలత అసలే లేదంటే అబద్ధమవుతుంది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే ఫారం ఒకటుంది. బీపీ, షుగరు, క్యాన్సర్ల వంటి జబ్బులను ముందుగా పట్టడానికి 2017లో మొదలైన కార్యక్రమంలో భాగమది. ముప్పై దాటిన వారి వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, శరీర శ్రమ, ఇంట్లో పెద్దలకున్న జబ్బులు అడిగి మార్కులు వేస్తారు. మొత్తం 4 దాటితే ఆ మనిషికి పరీక్షలు ముందుగా చేయించాలి. మంచి ఏర్పాటే. కాని అదే ఫారంలో పై అవ్వను కూర్చోబెట్టి చూడండి. అరవై దాటినందుకు 4 మార్కులు. పొగాకు లేదు, కల్లు ముట్టదు, బక్కపలుచని మనిషి, కష్టపడే ఒళ్ళు, తల్లిదండ్రులకు ఏ జబ్బుండేదో ఎవరికీ తెలియదు. కనుక మిగతావన్నీ సున్నా. మొత్తం 4, హద్దు దాటలేదు. నలభై అయిదేళ్ళ వాడు అప్పుడప్పుడు బీడీ కాల్చి, నూరు సెంటీమీటర్లు దాటిన బొజ్జ పెంచితే అతనికి 5 వస్తాయి, వరుసలో అతనే ముందు! ముప్పై దాటిన అందరికీ పరీక్ష చేయాలన్నది నియమమే గనుక అవ్వను పూర్తిగా వదిలేస్తారని కాదు. ఆ మార్కులు రాబోయే జబ్బును పసిగట్టడానికి పెట్టినవి, వచ్చి కూర్చున్న జబ్బుల భారం తూచడానికి కావు. రోజువారీ పనులకు ఇతరుల సాయం కావాలా, అయినవారి పేర్లు మరచిపోతున్నారా అన్న ప్రశ్నలు సవరించిన ఫారంలో ఉన్నాయి. అవ్వ వంటి వారికి అసలు పనికొచ్చే ప్రశ్నలు అవే. వాటి జవాబులు మాత్రం ఆ మార్కుల్లో కలవవు.

ఈ తూకం సమస్యతో బయటి దేశాలవారూ కుస్తీ పట్టారు. రోగికున్న జబ్బులన్నిటికీ బరువులు కట్టి కలిపే పట్టికను 1987లో అమెరికా డాక్టర్లు ప్రచురించారు. ఇంగ్లండులో 2004 నుంచి ఊరి డాక్టరుకిచ్చే సొమ్మును పేర్ల సంఖ్యను బట్టే కాక వయసును, దీర్ఘరోగాలను బట్టి హెచ్చుతగ్గులు చేస్తున్నారు. పేదరికానికి అందులో తగిన బరువు ఇవ్వలేదన్న విమర్శ అప్పటి నుంచీ ఉంది. ఆ విమర్శలో నిజముంది. స్కాట్లండులో 17 లక్షల 50 వేల మంది వివరాలు చూసి 2012లో తేల్చిందేమంటే, బాగా పేద ప్రాంతాల వారికి ఒకటికి మించిన జబ్బులు కలిసి రావడం సంపన్నుల కంటే 10, 15 ఏళ్ళు ముందే జరుగుతోంది. అంతకు ఎంతో ముందే, 1971లో, వేల్స్ దేశపు బొగ్గుగని పల్లెలో పనిచేసిన ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు అన్నదీ ఇదే తీరు మాట: వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ అందుతుంది. గనుల పల్లెకు, మన రాళ్ళు మోసే కూలీల బస్తీకి దూరమెంతని?

ఆశాలకు మరో రిజిస్టరు అంటగట్టడమేనా అని అడిగేవారు ఉంటారు. న్యాయమైన మాటే. ఇప్పటికే వారి సంచిలో కాగితాల బరువు చాలు. మార్కులకు డబ్బు ముడిపెడితే లేని జబ్బులు రాసే ఘనులూ పుట్టుకొస్తారు. ఆ భయం ఉత్తిదేమీ కాదు. అందుకే డబ్బు జోలికి పోకుండా, సమయం పంచడానికి మాత్రమే కొలత వాడుకోవడం మేలు. పెద్ద శాస్త్రమూ అక్కర్లేదు. ఎన్ని దీర్ఘ జబ్బులు, రోజుకు ఎన్ని రకాల గోలీలు, ఇంట్లో తోడున్నారా, చీటీ చదవగలరా, తనంతట తాను రాగలరా. ఈ అయిదింటి జవాబులు ఆశా కార్యకర్తకు ఫారం లేకున్నా తెలుసు. ఏ గడపలో ఎవరు మంచం పట్టారో ఆమెకు తెలిసినంతగా కంప్యూటరుకు తెలియదు. ఆ సమాచారం ఓపీ చీటీ మీద ఒక రంగు గుర్తుగా చేరితే చాలు, డాక్టరు దృష్టి అటు మళ్ళుతుంది.

గుర్తు వేసి ఊరుకుంటే మాత్రం ప్రయోజనం సున్న. గుర్తున్న వారికి వారంలో ఒక పూట ప్రత్యేకించాలి. ఆ పూట ఓపీ నలభైకి బదులు పదిహేను వచ్చినా ఎవరూ సంజాయిషీ అడగరాదు. గోలీల సంచి బల్లమీద బోర్లించి, ఏది ఎప్పుడు మింగాలో నర్సు చూపించాలి. ఇంకొక్క పని, నెల చివర పైకి పంపే నివేదికలో ఓపీ సంఖ్య పక్కనే బహుజబ్బుల రోగులు ఎందరన్న గడి పెట్టాలి. అల్వాల్‌లో పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు, మంచిదే. కాని షుగరు గోలీ పూట తప్పకుండా మింగించడానికి ఎన్ని అంతస్తులైనా పనికిరావు, అది గడప దగ్గర జరగవలసిన పని. వారానికి ఒక్క పూట కేటాయించడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పోస్టూ అక్కర్లేదు. మేడ్చల్ జిల్లా వైద్య ఆరోగ్య శాఖ రెండు మూడు కేంద్రాల్లో ఆరు నెలలు నడిపి చూసి, ఎందరు మందులు మానకుండా మింగారో ఊరివారి ముందు చదివి వినిపించవచ్చు.