అంకణా కుదరని చదువు

జూన్ నెల వచ్చిందంటే శంషాబాద్ చుట్టుపక్కల గ్రామాలలో ఇంటర్మీడియెట్ గట్టెక్కిన పిల్లల ఇండ్లలో ఒకటే చర్చ. ఇంజనీరింగుకు డబ్బు చాలనివారు, సైన్సు అబ్బనివారు, ఏం చదవాలో తోచనివారు అందరూ చివరకు బి.కాం. అంటారు. 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ పద్ధతిలో జరుగుతున్న సంగతి విదితమే. ఇటీవలి సంవత్సరాలలో ఆ పద్ధతిలో చేరేవారిలో కామర్సు వారిదే పెద్ద వాటా. సులువైన చదువని చేరతారు. ఆరు నెలలు తిరగకుండానే అకౌంట్స్ పేపరు దగ్గర బండి ఆగిపోతుంది. తప్పిన పేపర్లు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. మూడో యేడు వచ్చేసరికి పిల్లవాడు ఏదో ఒక గోదాములో పనికి కుదురుకుంటాడు. ఇంట్లోవారు ‘వాడికి తెలివి లేదు’ అని సరిపెట్టుకుంటారు.

తెలివి లేక కాదని ఈ విలేఖరి అనుభవం మీద చెప్పగలడు. సి.ఇ.సి. చదివి, బి.కాం.లో చేరి, మొదటి యేడాదే మానుకున్నవారిలో ఈ విలేఖరి ఒకడు. అంకణాలో, అంటే ట్రయల్ బ్యాలెన్సులో, రెండు వైపులా మొత్తాలు సమానం కావాలి. ఒకసారి 900 రూపాయల తేడా వచ్చింది. రాత్రి రెండు గంటల దాకా వెతికినా దొరకలేదు. మర్నాడు కాలేజీలో అడిగితే, గైడు చూసి దించుకోమన్నారు. తేడా తొమ్మిదితో భాగింపబడితే అంకెలు తారుమారై వుండవచ్చునని, 5,400 బదులు 4,500 వేసి వుంటానని చెప్పింది మా ఊరి కిరాణం దుకాణంలో పద్దులు రాసే గుమాస్తా. ఆయన చదివింది ఏడో తరగతి.

ఆ గుమాస్తాకు తెలిసినది కాలేజీ పిల్లవాడికి ఎందుకు అంతుపట్టదు? ముందుగా మాటల దగ్గరే చిక్కు వున్నది. ఊరిలో డబ్బు వస్తే జమ, పోతే ఖర్చు. పాలకేంద్రం సొమ్ము బ్యాంకులో పడితే పాసుబుక్కులో క్రెడిట్ అని వుంటుంది. కాలేజీలో మొదటి రోజే నగదు వస్తే నగదు ఖాతాకు డెబిట్ అంటారు. అదేమిటి, వచ్చింది జమ కావాలి కదా అని పిల్లవాడు బిత్తరపోతాడు. పాసుబుక్కు బ్యాంకు వారు తమ వైపు నుంచి రాసిన లెక్క. మన సొమ్ము బ్యాంకుకు అప్పు, మనకు ఆస్తి. అందుకే అక్కడ క్రెడిట్ అయినది మన చిట్టాలో డెబిట్ అవుతుంది. ఈ ఒక్క ముక్క నిదానంగా విడమరచి చెప్పితే సగం భయం పోతుంది. చెప్పకుండా ‘వచ్చేది డెబిట్, పోయేది క్రెడిట్’ అని వల్లె వేయిస్తే అది మంత్రమే అవుతుంది.

రైతు తొంభై వేలు పెట్టి పాడి బర్రెను కొన్నాడనుకుందాం. తండ్రి దృష్టిలో తొంభై వేలు ఖర్చయినవి. లెక్క ప్రకారం ఖర్చు కాలేదు, నగదు పోయి కొట్టంలోకి ఆస్తి వచ్చింది. దాణా, చొప్ప ఖర్చు. బర్రె ఈతలు మళ్లేకొద్దీ యేటా తగ్గే విలువ తరుగుదల. ఇంత సుబోధకమైన విషయాన్ని పుస్తకంలో ‘ఎక్స్ అండ్ కంపెనీ యంత్రం కొనెను’ అని మొదలుపెడితే కళ్లంలో పెరిగిన పిల్లవాడికి ఎక్కడ ఎక్కుతుంది?

ఇక భాష సంగతి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఈ శాస్త్రానికి చక్కని తెలుగు మాటలు స్థిరపరచింది. చిట్టా, ఆవర్జా, అంకణా, అనామతు ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ. వీటిలో కొన్ని మన షావుకార్ల నోట, పట్వారీల నోట నలిగినవే. తెలుగు మీడియంలో ఇంటర్ చదివినవారికి ఇవి వచ్చు. డిగ్రీలో చేరగానే చిట్టా జర్నల్ అవుతుంది, ఆవర్జా లెడ్జర్ అవుతుంది, అనామతు ఖాతా సస్పెన్స్ అవుతుంది. తెలిసిన వస్తువే పేరు మార్చుకొని వచ్చి భయపెడుతుంది. జంటపద్దు విధానాన్ని వెనిస్ వర్తకుల వద్ద చూసి లూకా పాచోలీ అనే సన్యాసి 1494లో గ్రంథస్థం చేసింది కూడా పండితుల లాటిన్‌లో కాక తన నాటి వాడుక భాషలోనే.

పునాది లోపం మరొకటి. ఈ విలేఖరి చదివిన రోజులలో ఇంటర్ కామర్సు పేపరులో నూటికి యాభై మార్కులు వాణిజ్య పాఠాలకు, యాభై అకౌంటెన్సీకి వుండేవి. పాసుకు కావలసినవి 35. పాఠాలు బట్టీపట్టి, లెక్కల జోలికి పోకుండా గట్టెక్కినవారు ఎందరో. సైన్సు గ్రూపు నుంచి వచ్చి బి.కాం.లో చేరేవారికైతే ఆ మాత్రం పరిచయమూ వుండదు. వీరందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి నెల తిరగకుండా కన్‌సైన్‌మెంటు, భాగస్వామ్యం అంటే ఏం లాభం?

ఈ చదువులో నిన్నటి పాఠం రాకపోతే ఇవాళ్టిది రాదు. మన పిల్లలకు క్లాసులు తప్పుతూనే వుంటాయి. ఉందానగర్‌లో రైలెక్కితే ఫలక్‌నుమా మీదుగా కాచిగూడ చేరవచ్చు. 1950లో నెలకొల్పిన బద్రుకా వాణిజ్య కళాశాల వున్నది అక్కడే. కానీ స్టేషను దాకా వచ్చేదెట్లా? లోపలి గ్రామాల వారికి పొద్దున ఒక బస్సు తప్పితే మొదటి రెండు క్లాసులూ పోయినట్లే. పైగా విమానాశ్రయం చుట్టూ గోదాములలో, హోటళ్లలో, ఫంక్షన్ హాళ్లలో రాత్రి డ్యూటీలు చేసి తెల్లవారి కాలేజీకి పోయేవారున్నారు. నిద్రకళ్లతో సర్దుబాట్ల లెక్క చేయడం ఎవరి తరం? డ్యూటీ మానమని చెప్పడానికి నోరు రాదు. ఇంటి కిస్తీలు ఆ జీతంలోంచే పోతున్నవి.

ఈ చదువు మన ప్రాంతానికి ఎంత అవసరమో అనుభవించినవారికి తెలుసు. దాదాపు 5,500 ఎకరాలలో కట్టిన విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దానికోసం భూములు పోయినవారికి, ఆ తర్వాత ధరలు పెరిగి అమ్ముకున్నవారికి చేతికి సొమ్ము వచ్చింది. పుస్తకంలో దానిని మూలధన వసూలు అంటారు. యేటా వచ్చే పంట డబ్బు రాబడి వసూలు. మొదటిదాన్ని రెండవదిగా భావించి కారుకు, పెండ్లికి, విందులకు పెట్టిన ఇండ్లు ఇక్కడ వున్నాయి. భూమీ లేదు, సొమ్మూ లేదు. ఆ ఇండ్లలో ఆనాడు తేడా చెప్పగల పిల్లవాడు ఒక్కడుంటే! 2017 జులై 1 నుంచి జి.ఎస్.టి. వచ్చాక చిన్న వ్యాపారులూ లెక్కలకు పట్నంలో మనిషిని వెతుక్కొంటున్నారు. చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షలైతే ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి, తెలుగులో వీలులేదు. 2023 నవంబరు ఫైనల్‌లో రెండు గ్రూపులూ కలిపి రాసినవారిలో నెగ్గింది 9.42 శాతమే. అంత దూరం అందరూ పోనక్కరలేదు. గోదాము గేటు దగ్గర నిలబడే బదులు లోపల పద్దులు రాసే కుర్చీలో కూర్చుంటే చాలు.

కళాశాలల యాజమాన్యాలు, విశ్వవిద్యాలయ అధికారులు చేయగలిగినది వున్నది. మొదటి నెల సిలబసు జోలికి పోకుండా చిట్టా నుంచి అంకణా దాకా మాత్రమే నేర్పాలి. తెలుగు మాట పక్కన ఇంగ్లీషు మాట వేసిన రెండు పేజీల పట్టిక ప్రతి విద్యార్థికీ ఇవ్వాలి. దానికి పెద్ద ఖర్చేమీ లేదు. కాలేజీ వేళకు బస్సు నడపడం ఆర్.టి.సి. వారి చేతిలో పని. పరీక్షల నెలలోనైనా పిల్లలకు పగటి డ్యూటీ ఇవ్వమని తల్లిదండ్రులు, గ్రామ పెద్దలు కాంట్రాక్టర్లను కలిసి అడగాలి.

ఊరిలోనే గురువులు కూడా వున్నారు. మహిళా పొదుపు సంఘాలలో పుస్తకాలు రాసే అక్కలు నెలనెలా పొదుపు, అప్పు, వడ్డీ లెక్కలు తేల్చి చూపుతున్నారు. సంఘం సమావేశం రోజున బి.కాం. పిల్లలను పక్కన కూర్చోబెట్టి ఆ పద్దులను చిట్టాలోకి, ఆవర్జాలోకి ఎక్కించమంటే ఏ గైడూ చెప్పలేనిది వారికి అబ్బుతుంది. తరగతులు మొదలయ్యేలోగా ఒక్క గ్రామంలోనైనా ఈ పని ఆరంభమైతే ఈ విలేఖరి కూడా పాత నోటుబుక్కు పట్టుకొని వచ్చి కూర్చుంటాడు.