ఎడంచేతి పిస్తోలు

తెరమీద పిస్తోలు పేలగానే మీరంతా విలన్ వంక చూస్తారు. నేను మాత్రం పేల్చినవాడు ఏ చేత్తో పేల్చాడా అని చూస్తాను. ఎంచేతంటే నాది ఎడంచెయ్యి! మందమర్రి సింగరేణి కాలనీలో దీపావళికి రీలు తుపాకీ ఎడంచేత పడితే మా బాపు ఆ చేతిమీద ఒక్కటేసేవాడు. "బువ్వ తినే చేత్తోని పట్టరా!"

తప్పు నా చేతిది కాదండీ, పిస్తోలుది. చాలా పిస్తోళ్ళకు సేఫ్టీ మీట, మ్యాగజైన్ వదిలే బొత్తాం ఎడమపక్కన ఉంటాయి, కుడి బొటనవేలికి అందేట్టు. (మ్యాగజైన్ అంటే వారపత్రిక కాదండోయ్, తూటాల పెట్టె!) పేలిన తూటా తొడుగు కుడివైపుకి ఎగురుతుంది. ఎడంచేతివాడికైతే అది తన ముందునుంచే పోతుంది. అందుకే కొన్నిటికి సేఫ్టీ రెండుపక్కలా పెట్టారు. కొన్నిట్లో బొత్తాం విప్పి అటుది ఇటు బిగించుకోవచ్చు. పోటీల్లో కాల్చేవాళ్ళకు పిడినే ఎడమ అరచేతికి సరిపడా చేసి బిగిస్తారు.

తమాషా ఏమిటంటే, కౌబాయ్‌ల 1873 నాటి కోల్ట్ రివాల్వర్‌కి తూటాలు దూర్చే చిన్న తలుపు కుడిపక్కన ఉంటుంది. కుడిచేతివాడు దాన్ని ఎడంచేతికి మార్చుకుని నింపుకోవాలి. మనవాడికి ఆ అవస్థే లేదు! కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' (1971) చూసొచ్చిన రోజునే ఈ సంగతి తెలిసుంటే బాపుతో వాదన పెట్టుకునేవాణ్ణే.

అమితాబ్‌దీ ఎడమచేతి వాటమే. మన సూర్యకాంతంగారిదీ అంతే. ఆవిడ ఎడంచెయ్యి తిప్పుతూ గయ్యిమంటే హాల్లో మా బాపు పడీపడీ నవ్వాడు. ఆ ఏటి దీపావళికీ నాకు ఒక్కటి పడింది.