ఇష్టం ఎవరిది?

భర్త సంపాదించాలి, భార్య ఇల్లు చూసుకోవాలి అని ఇద్దరూ ఇష్టపడి పంచుకుంటే మీ ఇంట్లో అది సంప్రదాయం. మా ఇంట్లో మాత్రం అణచివేత! మా ఆడవాళ్ల ఇష్టాన్ని తేల్చడానికి మీరెవరు?

మా మగవాళ్లనూ వదలం. నిఖానాడు 'ఖుబూల్' అన్న ఒక్క మాట బతుకంతటికీ ఒప్పుదల కాదు. నిజామాబాద్‌లో మా అమ్మలు, అక్కలు ఇంటిపట్టునే వెయ్యి బీడీలకింత చొప్పున చుట్టి పొయ్యి వెలిగిస్తున్నారు. అయినా వాళ్లు 'ఇంట్లో ఖాళీగా' ఉన్నట్టే! భార్య పోషణ భర్త బాధ్యత, ఆమె సంపాదన ఆమెదే అంటుంది షరీఅత్. వంట దగ్గర గుర్తొచ్చే మజహబ్ మెహర్ దగ్గర గుర్తురాదేం? జనాజా ముందు మాఫ్ చేయించే మెహర్ ఎవరి హక్కు?

ఇంట్లో ఉండటం ఆమె ఇష్టమే కావొచ్చు. రేపు వద్దనుకుంటే గడప దాటే హక్కూ ఉండాలి. అది లేనిచోట ఆమె ఇష్టం మాట ఎవరూ ఎత్తొద్దు.