తొండకు ఎండ ఎందుకు?

పిల్లలూ! వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంలో పొద్దున్నే ఏ కంచె దగ్గరికైనా వెళ్ళి చూడండి. తొండ ఎండకు వీపు పెట్టి కదలకుండా కూర్చుని ఉంటుంది. చూసినవాళ్ళు సోమరిపోతు అనుకుంటారు. నిజానికి అది ఒళ్ళు వెచ్చచేసుకుంటూ, ఎముకలు గట్టిపరుచుకుంటున్నది!

ఎండకూ ఎముకకూ సంబంధమేమిటి? ఎముకకు గట్టితనమిచ్చేది కాల్షియం. సున్నపురాయిలో, ఆల్చిప్పలో, కోడిగుడ్డు పెంకులో ఉండేదీ అదే. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే 'డి' విటమిన్ కావాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మానికి తగిలినప్పుడు ఆ విటమిన్ తయారవుతుంది.

ఎవరైనా సరదాకి తొండను పట్టి, గాజుపెట్టెలో ఉంచి, రోజూ నాలుగు మిడతలు వేశారనుకోండి. దాని కడుపు నిండుతుంది. కాని ఆ కిరణాలను గాజు చాలావరకు ఆపేస్తుంది. పైగా మిడతల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. రక్తంలో కాల్షియం తగ్గితే కండరాలు సరిగా పనిచేయవు. అందుచేత శరీరం ఎముకల్లో ఉన్నదాన్నే తోడుకుంటుంది. ఇంటి స్తంభాలు చెక్కి పొయ్యిలో పెట్టుకున్నట్టన్నమాట! క్రమంగా దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంకరపోతాయి, ఒళ్ళు వణుకుతుంది.

అమెరికా మొదలైన దేశాల్లో బల్లులను పెంచేవారు పురుగులకు కాల్షియం పొడి అద్ది మరీ పెడతారు. ఎండకు బదులు ప్రత్యేకమైన దీపాలు వెలిగిస్తారు. మన సముద్రపు ఒడ్డుకు కొట్టుకువచ్చే తెల్లని 'సముద్రపు నురుగు' బిళ్ళలో ఉన్నదీ ముఖ్యంగా ఆ పొడిలోని పదార్థమే. పంజరంలోని చిలుకలకు దాన్నే కట్టిపెడతారు. తాంబూలపు సున్నం మాత్రం ఏ జీవికీ పెట్టకూడదు, నోరు పొక్కిపోతుంది.

ఇన్ని ఏర్పాట్లు చేసినా కంచెమీది ఎండకు సాటిరావు. అందుకని తొండను కంచెమీదే ఉండనివ్వండి. దాని దూరపు చుట్టం ఉడుమును పట్టడమైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. తొండ ఏ వేళకు ఎండకు వస్తుందో, ఎప్పుడు నీడకు పోతుందో వారం రోజులు దూరంనుంచి చూసి రాసుకోండి. పెట్టెలో పెట్టినవాడికి తెలియని సంగతులు మీకు తెలుస్తాయి.

మరి మీ ఎముకల మాట? 100 గ్రాముల చోళ్ళలో, అంటే రాగుల్లో, సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. అమ్మ ఇచ్చిన చోడి అంబలి తాగి, మీరూ కాసేపు ఎండలో ఆడుకోండి!