బొమ్మ వెనుక వ్రాయని మాట

ఈ మధ్య మా కళాశాలలో ఒక విద్యార్థి తన చేతిఫోనులో ఒక బొమ్మ చూపించి, "సార్, ఇది డెబ్బయి ఏళ్ల కిందటి అమీర్‌పేట అట, చూడండి" అన్నాడు. విశాలమైన వీధి, ఇరుప్రక్కల చింతచెట్లు, మధ్య ఒక గడియార స్తంభం, దాని ముందు ఒక టాంగా. చూడ ముచ్చటగా ఉన్నది. నేను అమీర్‌పేటలో పుట్టి పెరిగినవాణ్ణి. అక్కడ అటువంటి గడియార స్తంభాన్ని నేను చూడలేదు, మా నాన్నగారు చెప్పగా వినలేదు. కొంచెం పరికించి చూద్దును గదా, ఆ గడియారానికి పదమూడు అంకెలు ఉన్నవి! కెమెరా తీసిన బొమ్మ కాదు. యంత్రం అల్లిన బొమ్మ. కాని అప్పటికే అది ఎన్నో చేతులు మారింది. దాని కింద "ఎంత బాగుండేది మన ఊరు" అంటూ ఎందరో నిట్టూర్పులు విడిచారు.

నవ్వి ఊరుకోవలసిన విషయమే. అయితే ఆ కుర్రవాడు మరొక ప్రశ్న వేశాడు. "మరి అసలైన బొమ్మ ఏది సార్?" దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. అసలు నాణెం చూడనివాడికి దొంగనాణెం ఎలా తెలుస్తుంది? ఉన్న బొమ్మలేవో, లేనివి ఎందువల్ల లేకపోయినవో, నేడు ఏమి చేయవచ్చునో ఆలోచించడానికే ఈ నాలుగు మాటలు.

హైదరాబాదు నగరానికి ఛాయాచిత్రాల కరవు ఏనాడూ లేదు. మీరట్ సమీపాన సర్ధనాలో 1844లో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివిన దీన్ దయాళ్ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, రాజా బిరుదం పొందాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఘోషా స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా మరొక స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. ఆయన 1905లో మరణించాడు. ఆయన గాజు నెగటివులు 2,857 పలకలు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరినవి. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తినప్పటి దృశ్యాలు సైతం బొమ్మలలో నిలిచి ఉన్నవి.

ఇంతకు ఆ కెమెరా చూసినదేమి? దర్బారులు, వేటలు, విందులు, మేడలు, లేదా మహోపద్రవం. ప్రభువు ఇంట శుభమైనా కావాలి, ఊరికి ప్రళయమైనా రావాలి; అప్పుడు గాని కెమెరా కన్ను తెరవలేదు. ఆనాడు అమీర్‌పేట, పంజాగుట్టలు నగరానికి వెలుపలి తోటలు, గుట్టలు. పైగా వంశీయుడైన అమీర్ కబీర్ పేరున అమీర్‌పేట వెలసిందని అంటారు. గుట్టమీది రాతిలో పవిత్రమైన హస్తముద్ర, అంటే పంజా, ఉన్నదన్న విశ్వాసం వల్ల పంజాగుట్టకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. పేర్లలో ప్రభువు ఉన్నాడు, మహిమ ఉన్నది. ఆ గుట్టల రాళ్లు కొట్టినవాడు మాత్రం పేరులోనూ లేడు, బొమ్మలోనూ లేడు.

ఇంకొక విచిత్రం వినండి. అమీర్‌పేట, బేగంపేటల పొరుగున నిజామియా వేధశాల ఉన్నది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన ఆ సంస్థ, ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలలోకి ఎక్కించాలని వివిధ దేశాల వేధశాలలు కలిసి తలపెట్టిన మహాకార్యంలో పాలుపంచుకొన్నది. దక్షిణ ఖగోళంలో 17వ డిగ్రీ నుండి 23వ డిగ్రీ వరకు హైదరాబాదు వంతుకు వచ్చింది. గాజు పలకల మీద ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా పట్టి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాలను కొలిచి పట్టికలు ప్రకటించారు. ఏ చుక్క ఎక్కడ ఉన్నదో చెప్పడానికి ఆ పట్టికలున్నవి. వేధశాల గోడ దిగి పది అడుగులు వేస్తే వచ్చే వీధిలో ఆనాడు ఎవరి ఇల్లు ఎక్కడ ఉన్నదో చెప్పడానికి ఏ పట్టికా లేదు. తలమీది చుక్కలకు దక్కిన శ్రద్ధ కాళ్ల కింది వీధికి దక్కలేదు.

ఇతర దేశాలలో ఏమైనదో చూద్దాం. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ ఫ్రిత్ అనే వ్యాపారి 1860లో తమ దేశంలోని ప్రతి పట్టణాన్నీ, ప్రతి పల్లెనూ ఫోటో తీయించాలని సంకల్పించాడు. ఆయన 1898లో పోయినా, సంస్థ 1970ల మొదటి వరకు నడిచింది. సుమారు ఏడు వేల ఊళ్ల బొమ్మలు అందులో చేరినవి. అంగడి వీధి, చర్చి, వంతెన, తలుపు దగ్గర నిలబడ్డ ఇల్లాలు, అన్నీ ఉన్నవి. నేడు ఆ ఊళ్లవారు తమ వీధి బొమ్మను చూసి, "ఈ మూల మా తాత దుకాణం ఉండేది" అని జ్ఞాపకాలు వ్రాసి జతచేస్తున్నారు. దీనిని ఇంగ్లీషువారి ఘనతగా పొగడవలసిన పని లేదు. రైళ్లు వచ్చిన తరువాత సెలవులకు ఊళ్లు తిరిగే జనం గురుతుగా బొమ్మలు కొనేవారు. ఆపైన పోస్టుకార్డుల గిరాకీ వచ్చింది. లాభం కోసం చేసిన పని చరిత్రకు ఉపకరించింది. మన దగ్గర ఆ బేరం లేదు. అమీర్‌పేట బొమ్మను పోస్టుకార్డు మీద ఎవరు కొంటారు?

అయితే మనకు బొమ్మలు అసలే లేవా? ఉన్నవి. అవి ఉండవలసిన చోట లేవు. ట్రంకు పెట్టెలలో ఉన్నవి. పెండ్లికి తీసిన ఫోటో వెనుక వీధి పందిరి కనిపిస్తుంది. కొత్త సైకిలు కొన్న నాడు తీసిన ఫోటో వెనుక ఇంటి అరుగు, అరుగు వెనుక గుట్ట కనిపిస్తుంది. 1956లో అమీర్‌పేటలో సారథి స్టూడియో వెలసిన తరువాత సినిమా కెమెరా కూడ ఈ చాయలకు వచ్చింది. ఫోటోగ్రాఫరు వీధిని తీయాలనుకోలేదు. వీధే చొరవ చేసి బొమ్మలోకి వచ్చింది. మన ఊరి అసలైన చిత్రశాల అదే.

ఆ చిత్రశాలే నేడు చెదిరిపోతున్నది. పాత ఇల్లు కూల్చి అంతస్తులు లేపేటప్పుడు ముందుగా బయట పడేది ట్రంకు పెట్టె. మా ప్రాంతంలో ఒక పాత స్టూడియో మూతపడ్డ నాడు నేను పరుగున వెళ్లాను. వేలాది నెగటివులు అప్పటికే తూకానికి పోయినవి. నలుపు తెలుపు నెగటివులో బొమ్మను నిలిపేది సన్నని వెండి పొర. ఆ వెండి కోసం కొనేవారుంటారు. ఒక తరం ముఖాలన్నీ కరిగి ఏ పట్టీగానో, ఏ కుంకుమ భరిణగానో మారి ఉంటవి.

ఇదే కాలంలో ఊరు మారిన వేగం ఎవరికి తెలియదు? కంప్యూటరు శిక్షణాలయాల బోర్డులు అమీర్‌పేట మేడల గోడలను కప్పివేశాయి. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చి అమీర్‌పేట కూడలి అయింది. 2018 సెప్టెంబరులో పంజాగుట్ట మీదుగా రెండవ దారి నడిచింది. మేము నేల టిక్కెట్టు కొని సినిమాలు చూసిన సత్యం హాలు నేలమట్టమై, ఆ చోటనే 2023లో అంగళ్లతో కూడిన కొత్త హాళ్లు వెలసినవి. ఈ మార్పును నేను నిందించను. ఎండలో బస్సు కోసం గంటసేపు నిలబడ్డవాణ్ణి. మెట్రో సుఖం నాకు తెలుసు. మారడం తప్పు కాదు. ఏది మారిందో తెలియకుండా మారడమే నష్టం.

మరి చట్టం మాటేమిటి? పంజాగుట్ట ప్రక్కన నవాబ్ ఫఖ్రుల్ముల్క్ కట్టించిన ఇర్రం మంజిల్ ఉన్నది. ఆ ఎత్తును తెలుగువారు ఎర్రగుట్ట అనేవారనీ, ఆ పిలుపుకు చేరువగా ధ్వనించే ఫారసీ మాట ఇరమ్, అనగా స్వర్గవనం, మేడకు పేరయిందనీ చెబుతారు. ఆ చోట శాసనసభా భవనం కట్టాలని 2019 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. వ్యాజ్యం నడిచింది. సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానం మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది; మేడ నిలిచింది. 1995 నాటి వారసత్వ నిబంధనను ప్రభుత్వం 2015లో తొలగించినా, 2017లో కొత్త చట్టం వచ్చినా, ఆ మేడ పక్షాన వాదించడానికి ఆధారం దొరికిందంటే, అది జాబితా కెక్కిన కట్టడం గనుక. గుమాస్తా ఇంటికి ఏ జాబితా ఉన్నది? ఆ ఇంటిని నిలపమని నేను అడగను. అది పోయే ముందు దాని ఆనవాలు ఒకచోట వ్రాసి ఉంచమని మాత్రమే అడుగుతున్నాను.

వ్రాయడం అని ఎందుకంటున్నానో చెప్పాలి. మొన్న దసరా సెలవులలో మా అమ్మ దగ్గర కూర్చుని మా ట్రంకు పెట్టె తెరిచాను. ఆమెకు ఎనభై దాటినవి. నిన్నటి మాట నేడు మరుస్తున్నది. ఒక ఫోటోలో మా ఇంటి ముందు నలుగురు స్త్రీలు నవ్వుతూ నిలబడి ఉన్నారు. అమ్మ ఒకామె మీద వేలు పెట్టి, "ఈమె పక్కింటి వదినె. తెల్లారంగ నాలుగు గంటలకు నల్లా వచ్చేది. నీకు జరమొచ్చినప్పుడు నా బిందె ఆమెనే నింపి పెట్టేది" అన్నది. బొమ్మలో నల్లా లేదు, బిందె లేదు, నా జ్వరం లేదు. ఆ మాట లేకపోతే అది నలుగురు స్త్రీల ఫోటో; ఆ మాటతో అది ఒక వీధి చరిత్ర. నీళ్ల కోసం తెల్లవారుజామున లేచిన ఆడవాళ్ల చరిత్ర. "ఎంత బాగుండేది మన ఊరు" అనేవారికి అంతకంటె మంచి సమాధానం లేదు. నిజమైన జ్ఞాపకం పాతకాలాన్ని పూజించనివ్వదు.

అదే ఫోటోలో ఒక మూల పరికిణీ కట్టిన ఆరేళ్ల పిల్ల నిలబడి ఉన్నది. ఎవరని అడిగాను. అమ్మ చాలాసేపు చూసింది. "యాదికొస్తలేదు బిడ్డా" అని ఫోటో నా చేతికిచ్చింది. ఏడాది ముందు అడిగి ఉంటే చెప్పేదేమో. నేను అడగలేదు.

తెలుగువారికి ఈ పని కొత్త కాదు. రెండు వందల ఏండ్లకు పూర్వమే కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరులు కల్నల్ మెకంజీ కొలువులో ఉండి, ఊరూరా కరణాలనూ పెద్దలనూ అడిగి కైఫియతులు వ్రాయించారు. చెరువు ఎవరు తవ్వించారో, గుడి ఎవరు కట్టించారో నేడు మనం చెప్పగలిగేది చాలవరకు ఆ కాగితాల వల్లనే. ఇక పదిలపరచడానికి మహానగరమే కావాలా? చీరాల దగ్గరి వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలను కాపాడి పరిశోధకులను తన గుమ్మానికి రప్పించుకొన్నది.

కనుక నా మనవి చిన్నది. కళాశాలలో ప్రతి విద్యార్థి ఒక పెద్దమనిషిని, ఒక ఫోటోను ఎన్నుకోవాలి. ఫోటోను ఇంటినుండి కదల్చ నవసరం లేదు. నకలు తీసుకుంటే చాలు. ఏ సంవత్సరం, ఏ వీధి, ఎడమనుండి కుడికి ఎవరెవరు, తీసినవారెవరు అనే నాలుగు సంగతులను మెత్తని పెన్సిలుతో వెనుక వ్రాయాలి. సిరా కాగితంలోకి ఊరి బొమ్మను చెరుపుతుంది. పెద్దల మాటను వారి నుడిలోనే ఒక పుట వ్రాయాలి. ఇంటివారు సమ్మతిస్తే ఒక ప్రతి పేటలోని గ్రంథాలయంలో ఉండాలి. కెమెరా ముందు ఏనాడూ నిలబడలేని వారున్నారు: రాళ్లు కొట్టిన వడ్డెరలు, మేడలకు మట్టి మోసిన కూలీలు, ఇళ్లలో అంట్లు తోమిన తల్లులు. వారికి బొమ్మ లేదు గనుక వారి మాటను అందరికంటె ముందుగా వ్రాసుకోవాలి. యంత్రం ఎంత గొప్ప బొమ్మనైనా అల్లగలదు. పక్కింటి వదినె నింపిన బిందెను అల్లలేదు.

ఆ ఫోటో వెనుక నేను ఇలా వ్రాశాను: "అమీర్‌పేట. సుమారు 1976. ఎడమ చివర పిల్ల పేరు తెలియదు." ఆమె నా ఈడుది. ఎక్కడో ఒక ఇంట్లో క్షేమంగా ఉండే ఉంటుంది. ఆ ఇంటి పెట్టెలోనూ ఇటువంటి ఫోటో ఒకటి ఉండవచ్చు. అందులో మా అమ్మ నిలబడి ఉండవచ్చు. ఆమె మనుమలు చూసి, ఈ అమ్మ ఎవరని అడుగుతూ ఉండవచ్చు.