ఉపకారవేతనం గోడ కట్టదు

చంద్రపూర్ నుంచి బల్లార్షా వెళ్ళే దారిలో విసాపూర్ దగ్గర సైనిక్ స్కూల్ ఉంది. 2019లో మొదలైంది. బొగ్గు, కాగితం, థర్మల్ విద్యుత్తు తప్ప బయటివాళ్ళకు ఇంకేమీ గుర్తుకురాని జిల్లాలో అంత బడి వెలిసిందంటే, సర్కారు తలుచుకుంటే ఎక్కడైనా కట్టగలదని అర్థం. సంతోషమే. మరి సర్కారు తలుచుకోని చోట ఎవరు కట్టాలి? బల్లార్షా గని కార్మికుల బస్తీలోనో, వార్ధా నది అవతలి రాజురాలోనో, ఇటు మన కాగజ్‌నగర్‌లోనో, బెల్లంపల్లిలోనో నలుగురు ముస్లిం పెద్దలు కలిసి సొసైటీ రిజిస్టర్ చేయించుకుని రేకుల షెడ్డులో బడి పెట్టారనుకుందాం. ఆ షెడ్డును స్లాబు దాకా తీసుకురావడానికి చెయ్యందించేదెవరు?

అందుకోసమే పుట్టిన సంస్థ ఒకటి దేశంలో ఉండేది. మౌలానా ఆజాద్ శతజయంతి సందర్భంగా 1989 జులైలో రిజిస్టరైన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ అది. కేంద్రం ఇచ్చిన మూలధనం మీద వచ్చే వడ్డీతో, చదువులో వెనకబడ్డ మైనారిటీల మధ్య పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు బడి గదులు, హాస్టళ్ళు, వృత్తి శిక్షణ కేంద్రాలు కట్టుకోవడానికి గ్రాంట్లిచ్చేది. తర్వాత ఆడపిల్లలకు బేగం హజ్రత్ మహల్ స్కాలర్‌షిప్పులూ దాని చేతికే వచ్చాయి. 2024 ఫిబ్రవరి 7న కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ దాన్ని మూసెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది. ఆ నిర్ణయం తప్పు. దాన్ని వెనక్కి తీసుకోవాలి.

శాఖ చెప్పిన కారణం, ఫౌండేషన్‌కు కాలం చెల్లిందని. 2006లో మైనారిటీల కోసం ప్రత్యేక మంత్రిత్వ శాఖే వచ్చాక ఇంకా ఇదెందుకన్నారు. ఆ శాఖ వచ్చాక పద్దెనిమిదేళ్ళ పాటు అదే శాఖ నీడలో ఫౌండేషన్ పనిచేసిందన్న సంగతి అప్పుడెవరికీ అడ్డం రాలేదు కాబోలు. సరే, శాఖే అన్నీ చేస్తోందనే అనుకుందాం. ఏం చేస్తోంది? 2022లో ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పును తొమ్మిది, పది తరగతులకు కుదించింది. పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును అదే ఏడాది ఆపేసింది. మదర్సాల్లో లెక్కలు, సైన్సు చెప్పే టీచర్లకు గౌరవవేతనమిచ్చే కేంద్ర పథకం 2022 మార్చితో ఆగిపోయింది. నేనున్నాను కదా అంటూనే ఒక్కో చెయ్యీ వెనక్కి లాక్కుంటే, ఆ ‘నేను’ను ఎవరు నమ్మాలి?

ఢిల్లీ హైకోర్టు 2024 ఏప్రిల్‌లో ఈ మూసివేతలో జోక్యం చేసుకోలేదు. కోర్టు తోసిపుచ్చలేదు గనక ఈ విధానం మంచిదైపోదు. చట్టానికి లోబడిన తెలివితక్కువ నిర్ణయాలు మన దేశంలో కొత్తేమీ కాదు.

అసలు నష్టం ఎక్కడుందో చూడాలి. స్కాలర్‌షిప్ పిల్ల పేరిట వస్తుంది. పిల్ల దాన్ని పట్టుకుని ఉన్న బడికే వెళ్ళగలదు, లేని బడికి వెళ్ళలేదు. గ్రాంటు వేరు. గది కట్టడానికో, నీళ్ళ ట్యాంకుకో, ఆడపిల్లల హాస్టల్ మీద రెండో అంతస్తుకో వచ్చే డబ్బది. ప్రభుత్వాలు విద్యార్థి ఖాతాలోకి నేరుగా వేసే సొమ్ము మీద మోజుపడి ఈ రెండో రకాన్ని మరిచిపోయాయి. నేరుగా వేస్తే అవినీతి ఉండదన్నారు. ఆ మాటకు సమాధానం 2023లో ఆ శాఖే ఇచ్చింది: మైనారిటీ స్కాలర్‌షిప్పుల మీద తనిఖీ చేయిస్తే, చూసిన 1,572 సంస్థల్లో 830 బోగస్‌వని తేలింది, సీబీఐకి అప్పగించారు. కాగితం మీది విద్యార్థిని పుట్టించడం తేలిక. కాగితం మీది భవనాన్ని తనిఖీకొచ్చిన ఇంజినీరుకు చూపించడం అంత తేలిక కాదు.

ముస్లింలు విధిగా ఇచ్చే దానం, జకాత్ ఉంది కదా, సమాజం తన బళ్ళు తనే కట్టుకోవచ్చు కదా అనేవాళ్ళున్నారు. రంజాన్ నెలలో హైదరాబాద్ పాతబస్తీకి వెళ్ళి చూడండి. ఉత్తరప్రదేశ్, బీహార్ మదర్సాల కోసం చందాలు వసూలు చెయ్యడానికి వచ్చిన సఫీర్లు భుజానికి సంచీ, చేతిలో రసీదు పుస్తకం, జేబులో తమ మదర్సా నిజమైనదేనని పేరున్న ఆలిమ్ రాసిచ్చిన తస్దీక్‌నామాతో దుకాణం దుకాణం తిరుగుతుంటారు. దుకాణదారు కాగితం చదివి, ముద్ర చూసి, గల్లా పెట్టెలోంచి ఇంత తీసి ఇస్తాడు. కార్బన్ పెట్టిన రసీదు చింపి ఇతని చేతిలో పెట్టి, సఫీర్ పక్క దుకాణం మెట్లెక్కుతాడు. కోట్ల రూపాయలు ఇలా కదులుతాయి. అయితే మన ప్రాంతంలో ఎక్కువమంది ముస్లింలు పాటించే హనఫీ పద్ధతిలో జకాత్ సొమ్ము పేదవాడి సొంతం కావాలి, అతని చేతికి అందాలి. అందుకే అది పేద విద్యార్థి భోజనానికి, బట్టలకు, ఫీజుకు చెల్లుతుంది కానీ, ఇటుకకూ సిమెంటుకూ చెల్లదని ఆ పద్ధతి ఉలమాలలో అత్యధికులు చెబుతారు. అంటే మతం లోపలి దానమూ, ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పూ రెండూ వచ్చి విద్యార్థి దగ్గరే ఆగుతున్నాయి. గోడ దగ్గరికి ఏదీ రావడం లేదు. ఫౌండేషన్ గ్రాంటు పూడ్చింది సరిగ్గా ఈ ఖాళీనే. హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్టు వంటివి 1992 నుంచి తెలుగు పల్లెల్లో బడులకు తోడ్పడుతూ మంచి పని చేస్తున్నాయి. అలాంటివి ఎన్నున్నా ఈ ఖాళీ పూర్తిగా నిండదు.

గోడల డబ్బు రావలసింది నిజానికి వక్ఫ్ నుంచి, అంటే ధర్మకార్యాలకని రాసిచ్చిన ఆస్తుల నుంచి. ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006లో లెక్కవేస్తే దేశంలోని వక్ఫ్ ఆస్తుల మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్లు, వాటి మీద ఏటా వస్తున్నది 163 కోట్లు. సరిగ్గా నడిపితే 12 వేల కోట్లు రావచ్చని ఆ కమిటీయే అంది. నడిబజారులో మడిగెలు పాతకాలపు అద్దెకు పెట్టుకుని కూర్చున్నవాళ్ళలో ముస్లిం పెద్దమనుషులూ ఉన్నారు, అన్ని పార్టీల నాయకులూ ఉన్నారు. ఇది సమాజం ఇంట్లోని దొంగతనం. దీన్ని కప్పిపుచ్చుతూ కేంద్రాన్ని మాత్రమే తిట్టడం న్యాయం కాదు. 2025 వక్ఫ్ సవరణ చట్టం ఆస్తులు ఎవరివన్న తగువును రాజేసింది, అద్దెలు పెంచి బడి కట్టే దారి మాత్రం చూపలేదు.

కేంద్రం చేతిలో ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమం ఉందని, మైనారిటీలున్న చోట్ల బడులూ సద్భావ్ మండపాలూ కడుతున్నారని అంటారు. నిజమే, కడుతున్నారు. ఆ డబ్బు రాష్ట్ర ప్రభుత్వాల గుండా పోతుంది, కట్టింది సర్కారు భవనమవుతుంది. రేకుల షెడ్డు సొసైటీకి అందులోంచి పైసా రాదు. మండపాల సంగతంటే మన షాదీఖానాలు గుర్తొస్తాయి. ఆంధ్ర, తెలంగాణల్లో ఎన్నికల ముందు షాదీఖానా శంకుస్థాపన చెయ్యని ఎమ్మెల్యే అరుదు. పెళ్ళిళ్ళ రోజులు పోతే చాలావాటికి తాళమే. పగలు ట్యూషన్లకు, పోటీ పరీక్షల తర్ఫీదుకు వాటిని తెరవమని అడిగేవాళ్ళు లేరు. తెలంగాణ 2016లో మొదలుపెట్టి 204 మైనారిటీ గురుకులాలు తెరిచింది, మెచ్చుకోవాలి. వాటిలో చాలావాటిని అద్దె భవనాల్లో నడపాల్సి వచ్చింది. రాష్ట్రానికే గోడల కరువుంటే సొసైటీ మాటేమిటి? 2024 అక్టోబరులో, అసెంబ్లీ ఎన్నికలకు వారాల ముందు, మహారాష్ట్ర మదర్సా టీచర్ల నెల జీతం డీఎడ్ వారికి 6,000 నుంచి 16,000కు, బీఎడ్ వారికి 8,000 నుంచి 18,000కు పెంచింది. టీచరుకు జీతం దక్కాలి. ఆయన నిలబడి చెప్పే గది సంగతి కూడా ఆలోచించాలి.

ఇస్లామీయ బళ్ళకు సర్కారు డబ్బేమిటన్న ప్రశ్నకు కూడా సూటిగా జవాబివ్వాలి. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కుదరదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. సాయం ఇచ్చేటప్పుడు మైనారిటీ యాజమాన్యమన్న కారణంతో వివక్ష చూపరాదని 30వ అధికరణం చెబుతుంది. రెండూ ఒకే రాజ్యాంగం మాటలు. ఫౌండేషన్ గ్రాంట్లు వెళ్ళింది లెక్కలూ సైన్సూ చెప్పే బళ్ళకు. పైగా బడికి వెళ్తున్న ముస్లిం పిల్లల్లో మదర్సాల్లో ఉన్నది సుమారు 4 శాతమేనని సచార్ నివేదికే తేల్చింది. మిగతా 96 శాతాన్ని మరిచి మదర్సా మాటే పదే పదే ఎత్తడం చర్చను పక్కదారి పట్టించడమే. ఇక మతం గీత దాటిన గ్రాంటు మన నేలకు తెలియంది కాదు. పుణెలోని భండార్కర్ సంస్థలో మహాభారత పరిష్కరణకు డబ్బిచ్చినవాళ్ళలో హైదరాబాద్ నిజాం ఒకరు. అక్కడ నిజాం అతిథి గృహం ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది.

విదేశీ విరాళాల దారి కూడా 2020లో బిగుసుకుంది. విరాళం పుచ్చుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదలాయించకూడదన్నారు. నిఘా ఉండాల్సిందే, మాకు అభ్యంతరం లేదు. కానీ ఢిల్లీలోనో, హైదరాబాద్‌లోనో ఉన్న పెద్ద సంస్థ రాజురాలోని చిన్న సొసైటీకి చట్టబద్ధంగా సాయం చేసే దారి ఈ నిబంధనతో మూసుకుపోయింది.

ఫౌండేషన్‌ను పాత పేరుతోనే తెరవాలని మేం పట్టుబట్టం. దాని పని తిరిగి మొదలు కావాలి. వడ్డీ మీద నడిచే, ఏటేటా బడ్జెట్ దయ అక్కర్లేని నిధి కావాలి. గ్రాంటు పొందిన ప్రతి సంస్థ పేరు, మొత్తం, కట్టడం ఎంతవరకు వచ్చిందన్న ఫొటోతో సహా జనం చూడగలిగేలా పెట్టాలి. లెక్క చూపని సొసైటీకి రెండో విడత ఆపాలి, ఆ సొసైటీ వెనక ఎంత పెద్ద మౌలానా ఉన్నా సరే.

2023 నవంబరు 30 నాటికి ఫౌండేషన్ దగ్గర ఉన్నది 1,073.26 కోట్లు. బకాయిలు 403.55 కోట్లు తీసేస్తే మిగిలింది 669.71 కోట్లు. దాన్ని భారత సంచిత నిధిలో కలపమన్నారు. బళ్ళ కోసం పక్కన పెట్టిన డబ్బది. అది ఖజానాలో కలిసిందా, అందులో ఎంత మైనారిటీల చదువుకు తిరిగి వచ్చిందన్నది చంద్రపూర్, ఆదిలాబాద్, పెద్దపల్లి ఎంపీలు పార్టీలు పక్కనపెట్టి వచ్చే పార్లమెంటు సమావేశంలోనే రాతపూర్వకంగా అడగాలి.