తేమను వెదకు చిన్నప్రాణి – మన మట్టిదిబ్బలు

వేసవి మధ్యాహ్నము గోదావరిఖని వీధులలో నడచువారికి నీడ విలువ వేరుగా చెప్పనవసరము లేదు. ఆ వేళ నీళ్ళకుండ క్రింది ఇటుకను కదిపి చూచినచో బూడిదరంగు చిన్న ప్రాణులు కనబడుట కలదు. ముట్టుకొన్నంతనే ఉండవలె చుట్టుకొనును. శాస్త్రగ్రంథములలో వీనికి పిల్ బగ్ అని పేరు. మిత్రులు కొందరు వీనిని రోకలిబండ పిల్లలనుకొందురు. అది పొరపాటు. రోకలిబండకు కాళ్ళు అనేకము. వీనికి ఏడు జతలు మాత్రమే. ఇవి కీటకములును కావు. రొయ్యకు, ఎండ్రకాయకు చుట్టములు.

నేలపైకి వచ్చినను ఈ ప్రాణికి నీటి ఋణము తీరలేదు. మొప్పల వంటి అవయవములతో శ్వాసించును. అవి తడిగా ఉండవలెను. కీటకముల ఒంటిపైనుండు మైనపు పూత దీనికి లేనందున శరీరములోని నీరు త్వరగా ఆవిరియగును. ఉండ చుట్టుకొనుట శత్రువు నుండియే గాక ఎండ నుండియు రక్షణ. తల్లి గ్రుడ్లను సైతము పొట్టక్రింది తడిసంచిలో మోయును.

మరి తేమ ఎక్కడున్నదో దీనికెట్లు తెలియును? దీని దగ్గరి బంధువైన మరొక జాతిపై డి. ఎల్. గన్ అను శాస్త్రజ్ఞుడు 1937లో పరిశోధన ప్రకటించినాడు. పొడిగాలిలో ఇవి ఎడతెగక తిరుగును. తేమ తగిలినచో నడక మందగించి నిలిచిపోవును. దారి తెలిసి పోవుట కాదు, ఆగదగిన చోట ఆగుట. అందుచేతనే చివరకు తేమచోటనే గుమిగూడును.

ఈ ప్రయోగమునకు పెద్ద ఖర్చు లేదు. మూతగల పెట్టెలో ఒకవైపు తడిదూది, మరొకవైపు తేమను పీల్చు కాల్షియం క్లోరైడు, వానిపై సన్నని జాలి; పది ప్రాణులను వదలి నిమిషమునకొకసారి లెక్కించిన చాలును. కాని గత సంవత్సరపు రికార్డులోని అంకెలను చూచి వ్రాసికొను అలవాటు మనలో కలదు. ప్రాణిని చూడని జీవశాస్త్రము ఏమి శాస్త్రమని మమ్ము మేమే ప్రశ్నించుకొనుచున్నాము.

ఇక అసలు మాట. ఓపెన్‌కాస్టు గనులు తెరచునపుడు పైమట్టి తొలగిపోవును. లోపలి రాళ్ళు, మన్ను కొండలవలె పేరుకొనును. వానినే మనము ఓబీ దిబ్బలందుము. బొగ్గు మన అన్నము. దానిని నిందించుట మా ఉద్దేశము కాదు. దిబ్బలపై మొక్కలు నాటుటయు మెచ్చదగినదే. అయితే నాటిన మొక్కల లెక్కతోనే అడవి వచ్చినదని తృప్తిపడరాదని మా అభిప్రాయము. ఆకు రాలవలెను, రాలిన ఆకు నిలువవలెను, దాని క్రింద తడి ఆగవలెను. అపుడే ఆకును కొరికి ఎరువుగా మార్చు ఇట్టి ప్రాణులు నిలుచును. ఇవి కనబడనంతనే నేల చచ్చినదని తీర్పు చెప్పరాదు. కనబడినచోట మాత్రము తడి నిలిచినదని నమ్మవచ్చును.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి రెండే. ఆవరణలో రాలిన ఆకులను తగులబెట్టక ఒక మూల చెట్లక్రింద ఉండనీయవలెను. జీవశాస్త్ర విద్యార్థులను అనుమతితో ఏటేట వేసవిలో ఒకసారి, వానలలో ఒకసారి పాతదిబ్బల తోటలకు తీసికొనిపోయి, రాళ్ళ క్రింద చూచినదానిని వ్రాయించవలెను.

మనలో కొందరు తేమ అందుము, కొందరు నమీ అందుము. మాట వేరైనను నేలకు కావలసినది ఒక్కటే.